జనరల్ గారు వెళ్లాక

మిలిటరీ నర్సింగ్ సర్వీసులో నాకొక పేరుండేది, నా వార్డులో తప్పులు జరగవని. ఏ ఊరికి బదిలీ అయినా ఆ మాట నాకంటే ముందే అక్కడికి చేరేది. కొత్తగా చేరిన లెఫ్టినెంట్లకు నా వార్డులో డ్యూటీ పడితే ఒకరి మొహాలొకరు చూసుకునేవారట. ఆ సంగతి నా చెవిన పడినప్పుడు బాధపడలేదు సరికదా, గర్వపడ్డాను.

ఏదైనా పొరపాటు జరిగితే నా నోట వచ్చే మొదటి మాట "ఎవరు?" అని. ఎవరో తేలాక అందరి ముందూ నిలబెట్టి అడిగేదాన్ని. ఎందుకు జరిగింది, ఎలా జరిగింది అని అడగడానికి నాకెప్పుడూ తీరిక ఉండేది కాదు. నా పైవాళ్లు నన్ను అలాగే అడిగారు, వాళ్ల పైవాళ్లు వాళ్లను. ఒక పేరు దొరికితే రిపోర్టు పైకి వెళ్లిపోతుంది, ఆస్పత్రి మళ్లీ మామూలుగా నడుస్తుంది. దొరక్కపోతే మచ్చ అందరి మీదా పడుతుంది. కాబట్టి ఎవరో ఒకరి పేరు దొరకాలి. ఉద్యోగంలో నేను చూసిన పద్ధతి ఇది. తప్పని ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదేమో.

మాది ఏలూరు. నాన్న మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. సెలవుకి ఇంటికొచ్చినప్పుడల్లా ఏదో ఒక చర్చి వాళ్లు పిలిచి, ఆడపిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమనేవారు. అలా ఒకసారి గుండుగొలను నుంచి కొల్లేటి వైపు లోపలికి వెళ్తే వచ్చే ఒక ఊళ్లో మాట్లాడాను. మీటింగు అయ్యాక ఇంటర్ చదివే ఒక అమ్మాయి నా దగ్గరకొచ్చి నిలబడింది. అడగాలా వద్దా అని కాసేపు తటపటాయించి, "ఏవండీ, పొట్టిగా ఉంటే మిలిటరీలో తీసుకోరాండీ?" అంది.

"దానికో కొలత ఉంటుందమ్మా. నువ్వు సరిపోతావులే," అన్నాను.

వాళ్ల నాన్న చేపల చెరువుల మీద కాపలా పని చేసేవాడు. తల్లి రొయ్యల షెడ్డుకి వెళ్లేది. నా ఫోన్ నంబరిచ్చి, మిలిటరీ నర్సింగ్ ప్రవేశపరీక్షకి ఏం చదవాలో చెప్పి వచ్చేశాను. ఆ అమ్మాయి చదివింది, సీటు తెచ్చుకుంది. కొన్నేళ్లకి ఉత్తరాదిలో నేను పనిచేస్తున్న ఆస్పత్రికే, నా వార్డుకే లెఫ్టినెంటుగా వచ్చింది. మొదటి రోజు నన్ను చూసి మొహమంతా నవ్వుతో, "మేడమ్, నేనండీ, గుర్తుపట్టారా," అంది తెలుగులో.

"గుర్తుపట్టాను. మనది ఒకే ప్రాంతమన్న సంగతి ఇక్కడెవరికీ తెలియనివ్వకు," అన్నాను ఇంగ్లీషులో.

సొంత మనిషిని వెనకేసుకొస్తుందన్న మాట రాకూడదని నా తాపత్రయం. అందుకని మిగతావాళ్లను ఒకసారి కోప్పడితే ఆ అమ్మాయిని రెండుసార్లు కోప్పడేదాన్ని. ఒకసారి ఒక పేషెంటుకి మాత్ర ఆలస్యంగా ఇచ్చానని తనే వచ్చి చెప్పింది. డ్యూటీ మారే సమయంలో అందరి ముందూ నిలబెట్టి, చిన్నపిల్లను అడిగినట్టు అడిగాను. ఆ తర్వాత నా వార్డులో ఎవరూ ఏ పొరపాటూ నాకు చెప్పలేదు. పొరపాట్లు తగ్గాయనుకున్నాను.

ఆ ఏడాది చలికాలం చివర్లో ఒక జనరల్ గారు ఆస్పత్రి తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. ఇక వారం రోజులు వైద్యం వెనక్కి పోయి, సున్నాలూ రంగులూ ముందుకొచ్చాయి. మంచాలకు రంగు వేయించాం. తలవైపు వేలాడే చార్టులకు కొత్త అట్టలు వేయించాలని అన్నీ తీసి డ్యూటీ రూములో పెట్టించాను. లేచి కూర్చుని చక్కగా జవాబు చెప్పగలిగే పేషెంట్లు గుమ్మం దగ్గరుంటే బాగుంటుందని ఆస్పత్రి కమాండెంట్ గారు అన్నారు. సరేనని ఆ రోజు తెల్లవారగానే పేషెంట్లను మంచాలు మార్పించాను. షుగరుతో కాలికి పుండు పడ్డ ఒక పెద్ద వయసు హవల్దారుని లోపలికి పంపించి, ఆయన మంచం మీదకి హెర్నియా ఆపరేషనై కోలుకుంటున్న ఒక సిపాయిని తెప్పించాను. సిపాయిది ఎర్రగా, చలాకీగా ఉండే మొహం. జనరల్ గారికి నచ్చుతుందనుకున్నాను.

ఆ అమ్మాయి డ్యూటీకి వచ్చేసరికి వార్డంతా ఉరుకులు పరుగులుగా ఉంది. టిఫిన్‌కి ముందు హవల్దారుకి ఇవ్వాల్సిన ఇన్సులిన్ తీసుకెళ్లి, రోజూ ఇచ్చే మంచం మీద ఉన్న మనిషికి ఇచ్చేసింది. తలవైపు చార్టు లేదు. పేరడిగి సరిచూసుకోవాలి, అడగలేదు. అది తన పొరపాటే, కాదనను. చలికి తలదాకా దుప్పటి కప్పుకుని పడుకున్న ఆ సిపాయికి, సూదంటే చెయ్యి చాపడమే తప్ప ఎందుకని అడగడం అలవాటు లేదు. కాసేపటికి లోపలి మంచం మీంచి హవల్దారు, "నా సూది మర్చిపోయావా అమ్మా?" అని అడిగాడట. అప్పుడు తెలిసింది ఆ అమ్మాయికి.

షుగరు పడిపోకుండా గ్లూకోజు నీళ్లు కలిపి సిపాయి చేత తాగించింది. అతను కొంత తాగి, కడుపులో తిప్పుతోందని గ్లాసు పక్కన పెట్టేశాడు. ఆ అమ్మాయి నా దగ్గరకి పరిగెత్తుకొచ్చింది. నేను వార్డు గుమ్మంలో ఉన్నాను. బయట కార్లు ఆగిన చప్పుడు వినిపించింది.

"మేడమ్, ఒక్క నిమిషం. ఆ హెర్నియా అబ్బాయికి..."

"జనరల్ గారు వెళ్లాక."

"అర్జెంటు మేడమ్."

"లైన్లో నిలబడు," అన్నాను. ఆ అమ్మాయి వెళ్లి నిలబడింది.

జనరల్ గారు మంచి మనిషి. ప్రతి పేషెంటుతోనూ మాట్లాడాలన్నది ఆయన పద్ధతి. గుమ్మం దగ్గరి మంచం ముందు ఆగి ఆ సిపాయిని ఏ ఊరని అడిగారు. అతని నుదురంతా చెమట. చాలాసేపు ఆలోచించి, ఊరు చెప్పకుండా తన రెజిమెంటు పేరు చెప్పాడు. కంగారు పడుతున్నాడనుకుని జనరల్ గారు నవ్వారు. ఆయన నవ్వారని కమాండెంట్ నవ్వారు, డాక్టర్లు నవ్వారు, నేనూ నవ్వాను. ఆ అమ్మాయి లైన్లోంచి అర అడుగు ముందుకి వచ్చింది. నేను ఆ అమ్మాయి కళ్లలోకి చూశాను. నా కింద పనిచేసిన వాళ్లందరికీ ఆ చూపు తెలుసు. వెనక్కి తగ్గింది.

జనరల్ గారు నెమ్మదిగా వార్డంతా తిరిగి, బాగుందని మెచ్చుకుని, టీకి పక్క బ్లాకుకి వెళ్లారు. నేనింకా గుమ్మం దగ్గర సెల్యూట్ చేసిన చెయ్యి దించుకుంటున్నాను, వెనక మంచం కొట్టుకుంటున్న చప్పుడైంది. సిపాయికి ఫిట్స్. నేను తిరిగి చూసేసరికే ఆ అమ్మాయి అతని పక్కనుంది. డాక్టరు వచ్చేలోపే నరానికి గ్లూకోజు ఎక్కించడం మొదలుపెట్టింది. డాక్టరు అడక్కుండానే తనేం ఇచ్చిందో, ఎంత ఇచ్చిందో, ఎప్పుడు ఇచ్చిందో అందరూ వినేలా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. ఊపిరి ఆగి, మళ్లీ అందుకుని, మొత్తానికి సిపాయి బతికాడు. కాని ఆ కాసేపట్లో మెదడుకి దెబ్బ తగిలింది. మాట ముద్దగా వచ్చేది. కుడిచెయ్యి సరిగా లేచేది కాదు. కొన్ని నెలలకి అతన్ని సైన్యానికి పనికిరాడని తేల్చి ఇంటికి పంపించేశారు.

కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ వేశారు. సైన్యంలో ఏదైనా జరిగితే ముగ్గురు ఆఫీసర్లు కూర్చుని చేసే విచారణ అది. సాక్షుల్లో నేనొకదాన్ని. ఎవరి మీద ఆరోపణ ఉందో వాళ్లు ఆ గదిలోనే కూర్చుని అన్నీ వినొచ్చు, సాక్షుల్ని ప్రశ్నించవచ్చు. ఆ అమ్మాయి గోడవారగా కుర్చీలో నిటారుగా కూర్చుంది.

పెద్ద ఆఫీసరు మర్యాదగానే అడిగారు. "మేజర్, పొరపాటు జరిగిన సంగతి తనిఖీకి ముందు లెఫ్టినెంట్ మీకు చెప్పారా?"

"లేదు సర్. విషయం చెప్పలేదు."

నేనన్నది అంతే. అక్షరాలా చూస్తే అందులో అబద్ధం లేదు. ఆ అమ్మాయి నోట్లోంచి విషయం బయటికి రాలేదు, నేను రానివ్వలేదు. నా జవాబు రాసుకుని ఆయన ఆ అమ్మాయి వైపు తిరిగారు. "మేజర్‌ని మీరేమైనా అడగాలనుకుంటున్నారా?"

ఆ అమ్మాయి నావైపు చూసింది. నేను బల్ల మీదకి చూశాను.

"లేదు సర్," అంది.

మంచాలు ఎందుకు మార్చారని ఎవరూ అడగలేదు. చార్టులు ఎక్కడున్నాయని అడగలేదు. ఆస్పత్రిలో అందరికీ తెలిసిన సంగతే అది, ఊడ్చేవాళ్లతో సహా. అడిగితే నా పేరొస్తుంది, నా తర్వాత కమాండెంట్ గారి పేరొస్తుంది, ఆ తర్వాత తనిఖీ అంటే రంగులు వేయడం అని ఇన్నేళ్లుగా అనుకుంటున్న అందరి పేర్లూ వస్తాయి. ఒక్క లెఫ్టినెంట్ పేరుతో సరిపోయేదాన్ని అంతదూరం ఎవరు తీసుకెళ్తారు.

ఆ అమ్మాయి రికార్డులో మచ్చ పడింది. కొన్నేళ్ల ఒప్పందం మీద ఇచ్చిన ఉద్యోగం గనక గడువు పొడిగించలేదు. వెళ్లేరోజు నా గదికి వచ్చి సెల్యూట్ చేసి వెళ్లింది. నేను ఫైల్లోంచి తలెత్తి "బెస్టాఫ్ లక్" అన్నాను. కమాండెంట్ గారు తర్వాతెప్పుడో టీ తాగుతూ, "వార్డు పరువు నిలబెట్టావు," అన్నారు. ఆ మరుసటి ఏడు నాకు ప్రమోషనొచ్చింది. భుజం మీద కొత్త ర్యాంకు పెడుతుంటే ఫొటో తీశారు. అందులో నేను నవ్వుతూనే ఉన్నాను.

రిటైరయ్యాక ఏలూరు వచ్చేశాను. తమ్ముడి ఇంటి పై పోర్షన్లో ఉంటున్నాను. వచ్చిన కొత్తలోనే ఒక చర్చి వాళ్లు మామూలుగా పిలిచారు, ఆడపిల్లలకు నాలుగు మాటలు చెప్పమని. వెళ్లి మైకు ముందు నిలబడ్డాను. సైన్యంలో క్రమశిక్షణ గురించి మొదలుపెట్టి, ముందు వరసలో కూర్చున్న పిల్లల మొహాలు చూశాక మాట ముందుకి సాగలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి దిగిపోయాను. ఆ వారంలోనే గుండుగొలను బస్సెక్కాను.

హైవే దగ్గర దిగి ఆటో మాట్లాడుకుని లోపలికి వెళ్లాను. దారి పొడుగునా రెండువైపులా చెరువులే. ఆ అమ్మాయి తల్లి నన్ను చూడగానే గుర్తుపట్టి, కుర్చీ తుడిచి వేసింది.

"మీరే వచ్చారాండీ మా ఇంటికి. కూర్చోండమ్మా. మా పిల్ల చదువంతా మీరు పెట్టిన భిక్షేనండీ."

"ఎలా ఉంది?" అన్నాను.

"బాగుందండీ. ఆ చలి దేశం దానికి పడలేదండీ. ఒంట్లో బాగుండట్లేదని మానేసి వచ్చేసింది. తాడేపల్లిగూడెంలో నర్సింగ్‌హోంలో చేస్తుందండీ ఇప్పుడు. మీరు చాలా బాగా చూసుకున్నారని చెప్పిందండీ."

ఇంట్లో అలా చెప్పుకుంది. నన్ను కాపాడాలని కాదేమో, తల్లి బాధపడుతుందనేమో. ఎందుకైతేనేం, ఆ ఇంట్లో నేను దేవతలా కూర్చున్నాను. ఉన్న నిజం చెప్పేద్దామని వెళ్లినదాన్ని, చెప్పలేక లేచాను. ఆవిడ వద్దంటున్నా వినకుండా రొయ్యలు ఒక కవర్లో కట్టి చేతిలో పెట్టింది. మరదలు వాటిని వేపుడు చేసింది. బాగున్నాయని ఇంట్లో అందరూ అంటుంటే నేను మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నాను.

మర్నాడు పాసింజరెక్కి తాడేపల్లిగూడెం వెళ్లాను. మార్కెట్ యార్డు దాటాక, లారీలు ఆగి ఉండే రోడ్డులో ఆ నర్సింగ్‌హోం. పెద్దదేం కాదు. ఆ అమ్మాయి అక్కడ నర్సులందరికీ ఇన్‌ఛార్జి. నన్ను చూసి లేచి నిలబడింది. నిలబడిన తీరు ఇంకా మిలిటరీదే.

"కూర్చోమ్మా," అన్నాను.

"పర్లేదు మేడమ్."

పక్కనున్న చిన్న గదిలోకి తీసుకెళ్లి టీ తెప్పించింది. నేను దారంతా మనసులో కూడబలుక్కున్నదంతా చెప్పేశాను. ఎంక్వయిరీలో అన్న మాట తప్పని, మంచాలు మార్చింది నేనని, ఇప్పుడైనా పై ఆఫీసుకి రాస్తానని. ఆ అమ్మాయి అంతా విని, టీ గ్లాసు నావైపు జరిపింది.

"రాస్తే రాయండి మేడమ్. నా కోసమని మాత్రం రాయకండి. ఆ ఉద్యోగం నాకిప్పుడు అక్కర్లేదు."

"ఆ రోజు నన్నెందుకు అడగలేదు? అడిగే హక్కుంది కదా నీకు."

"అడిగితే మీరేం చెప్తారో తెలుసు కదండీ," అంది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

టీ అయ్యాక లేవబోతుంటే తనే అంది. "ఒకటి చేస్తారా మేడమ్? కొత్తగా చేరిన పిల్లలు ఆరేడుగురున్నారు. వాళ్లకి ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి. నేనైతే నా పొరపాటొక్కటే చెప్పగలను. మీది మీరే చెప్పాలి."

ఇంటికొచ్చి పై ఆఫీసుకి రాశాను. అందిందని జవాబొచ్చింది, అంతే. ఆ శనివారం మళ్లీ గూడెం వెళ్లాను. డ్రెస్సింగు గదిలో బల్లలు పక్కకి జరిపి పిల్లల్ని కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి ఏవో కేసు షీట్లు చూసుకుంటోంది. నేను మొదలుపెట్టాను. పేర్లు చెప్పకుండా అంతా చెప్పాను. చెప్తూ చెప్తూ మధ్యలో నేనే గమనించాను, పై నుంచి ఒత్తిడి ఎలా ఉండేదో, కమాండెంట్ గారు ఏమన్నారో, అప్పటి పద్ధతులేంటో, వాటి గురించే ఎక్కువ చెప్తున్నానని. ఆగిపోయి, "మంచాలు మార్పించింది నేను. చార్టులు తీయించింది నేను," అని మళ్లీ చెప్పాను.

చింతలపూడి వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల చెయ్యెత్తింది. "ఆవిడ మీకు ముందే ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్పడానికి వచ్చిందమ్మా. నేను వినలేదు."

ఇన్నేళ్లకి నోరు దాటిన మాట అది. ఆ గదిలో ఉన్న పిల్లలకి అది మామూలు జవాబు. ఆ పిల్ల తృప్తిపడలేదు.

"వినుంటే ఏం చేసేవారండీ?"

వెంటనే డాక్టర్ని పిలిచేదాన్ని అనాలి. నోటిదాకా వచ్చింది. కాని నాకు తెలుసు నేనెలాంటిదాన్నో. "జనరల్ గారు వెళ్లేదాకా ఎలాగోలా నెట్టుకురమ్మనేదాన్ని. తర్వాత అందరి ముందూ నిలబెట్టి తిట్టేదాన్ని," అన్నాను. పిల్లలు తలలు దించుకున్నారు. ఒకరిద్దరు గుమ్మం వైపు చూశారు. వాళ్లకి అర్థమైందో లేదో తెలియదు.

అయ్యాక ఆ అమ్మాయి నన్ను స్టేషన్‌దాకా దిగబెడతానని బండి తీసింది. ప్లాట్‌ఫాం మీద రైలు కోసం చూస్తూ నిలబడ్డాం. బాగా చెప్పారని అంటుందని లోపల ఎక్కడో ఎదురుచూస్తున్నాను. ఈ వయసులో ఆ ఆశేమిటో.

"ఆ అబ్బాయి గురించి మీరేం చెప్పలేదు మేడమ్," అంది.

"ఎవరు?"

అడిగాకే తెలిసింది ఎవరో. సిపాయి. నా తప్పు, ఆ అమ్మాయికి పడ్డ శిక్ష, నా ప్రమోషను, ఇన్నీ చెప్పి, ఆ మంచం మీద ఉన్న మనిషికి తర్వాత ఏమైందో ఒక్క మాటైనా చెప్పలేదు. చెప్పడానికి నాకు తెలిస్తే కదా. అతన్ని ఇంటికి పంపించిన కాగితం మీద నా సంతకం కూడా ఉండే ఉంటుంది. ఆ తర్వాత నేనెప్పుడూ కనుక్కోలేదు.

"ఎలా ఉన్నాడో నీకు తెలుసా?" అన్నాను.

"అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటానండీ. వాళ్ల ఊళ్లో చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. ఎడంచేత్తో తూస్తాడంట. మాట ఇంకా కొంచెం ముద్దగానే వస్తుంది. పెళ్లయింది. ఒక పాప."

"నీతో మాట్లాడతాడా?"

"మొదట్లో మాట్లాడేవాడు కాదండీ. వాళ్ల నాన్న తిట్టేవాడు. తిట్టాలి కదా మరి. తర్వాత్తర్వాత మాట్లాడాడు."

ఆ నంబరు ఇమ్మని అడిగాను. బండి వస్తోందని మైకులో చెప్తున్నారు.

"ముందు అతన్ని అడుగుతానండీ. ఇష్టమైతే ఇస్తాను," అంది.

సరేనన్నాను. బండెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆ అమ్మాయి డ్యూటీకి టైమైందని చెయ్యూపి వెళ్లిపోయింది.

అది జరిగి రెండు నెలలు దాటింది. నంబరు రాలేదు. అతను వద్దన్నాడో, ఆ అమ్మాయి ఇంకా అడగలేదో నాకు తెలియదు. గుర్తుచేద్దామని ఫోన్ తీస్తాను. తొందరపెట్టే హక్కు నాకెక్కడిదని మళ్లీ పెట్టేస్తాను. అతను ఒప్పుకుంటే ఏం మాట్లాడాలో కూడా ఇంతవరకు తోచలేదు.